నూకాలు ఫ్యాను వేసి వెళ్లిపోయిన శనివారం

భర్త కాలి పుండు కంపు దెబోరకు కొన్నాళ్లకే అలవాటైపోయింది. ఆ పుండు చుట్టూ కుర్చీలు వేసుకుని జనం కురిపించే మెప్పు మాత్రం చివరిదాకా అలవాటు కాలేదు. "ఏం విశ్వాసం అన్నయ్యా నీది! ఈ రోజుల్లో ఇంత విశ్వాసం ఎవరికుంది?" అంటూనే, శనివారం ప్రార్థనకు వచ్చే సాదోకు పౌడరు అద్దిన జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకునేవాడు. నోరు పొగుడుతుంటే ముక్కు పారిపోయేది. దెబోర గుమ్మంలో నిలబడి అదంతా చూసి, లోపలికి వెళ్లి, పుండు తుడిచిన గుడ్డలు బకెట్లో ముంచుతూ, వీటికంటే ఆ మాటలే ఎక్కువ కంపు కొడుతున్నాయి అనుకునేది.

దెబోరది బందరు దగ్గర సముద్రాన్ని ఆనుకుని ఉన్న పల్లె. పెళ్లయిన కొత్తలో భర్త ఎలీషాకు స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని దొరికితే, ఇద్దరూ గాజువాక వచ్చి ఒక పాత లోగిలిలో మేడ మీద రెండు గదుల వాటా తీసుకున్నారు. ఆయన క్రేన్లకు బరువులు కట్టే పనిలో జుట్టు నెరిపించుకున్నాడు. ఆమె కిటికీ దగ్గర కుట్టుమిషను పెట్టుకుని వీధి వీధంతటికీ జాకెట్లు కుట్టింది. శుక్రవారం పొద్దు గుంకేసరికి మిషను మీద గుడ్డ కప్పేసేది. మర్నాడు పొద్దు గుంకేదాకా దాని జోలికి పోయేది కాదు. మొదట్లో వీధిలో ఆడవాళ్లు సణిగారు, మూతులు తిప్పారు, తర్వాత శుక్రవారం మధ్యాహ్నమే వచ్చి జాకెట్లు పట్టుకుపోవడం నేర్చుకున్నారు.

వాళ్లు యూదులు. తెలుగు యూదులు. గాజువాక, కంచరపాలెం, గోపాలపట్నం అంతా జల్లెడ పట్టినా అలా చెప్పుకునే కుటుంబాలు ఒక చిన్న బస్సుకు సరిపోతాయేమో. అందరూ కృష్ణా, గుంటూరు వైపు నుంచి పోర్టు పనికో ప్లాంటు పనికో వచ్చినవాళ్లే. నడిచి రాగలిగిన దూరంలో ఉన్నవాళ్లకు శనివారం ప్రార్థన ఎలీషా ఇంటి ముందుగదిలో జరిగేది. ఆయనకు హెబ్రీ ముక్కలు మిగతావాళ్లకంటే కాస్త ఎక్కువ వచ్చు, గొంతు కూడా బాగుంటుంది, అందుకని ఆయనే పెద్ద అయ్యాడు.

"నా చెయ్యి ఇంతవరకు ఏ మనిషి ముందూ చాపలేదు" అనడం ఆయనకు ఊతపదం. వాళ్లు భోజనం అయ్యాక చెప్పే ప్రార్థనలో ఒక మాట వస్తుంది. రక్తమాంసాల మనుషులు పెట్టేదాని మీద మమ్మల్ని ఆధారపడనివ్వకు, నీ నిండు చేతి మీదే మమ్మల్ని బతకనివ్వు అని దాని అర్థం. అక్కడికి వచ్చేసరికి ఎలీషా గొంతు ఒక మెట్టు పైకెక్కేది, కళ్లు మూతపడేవి. కళ్లు మూసుకున్నాడు కాబట్టి ఎదురుగా ఎంగిలి కంచాలు ఎత్తుతున్నది ఎవరో ఆయనకు కనపడేది కాదు.

పక్క వాటాలో నూకాలు ఉండేది. జాలరి మనిషి. భర్త సూరన్న వేటకు పోతే, ఆమె గంప నెత్తిన పెట్టుకుని మార్కెట్లో చేపలు అమ్మేది. దెబోర కోసం పొలుసున్న చేపలే ఏరి పక్కన పెట్టేది. రొయ్యలూ పీతలూ జెల్లలూ ఆ గడప దాటకూడదని ఆమెకు ఎప్పుడో అర్థమైంది. అయినా ఏడిపించకుండా ఊరుకునేది కాదు. "రొయ్య మీ దేవుడికి ఏటి అపకారం సేసినాదే అక్కా? దానంత రుసి ఇంకోటి లేదు కదే!" అనేది.

శనివారం నాడు స్విచ్చు వెయ్యడం, పొయ్యి వెలిగించడం, ఫోను ముట్టుకోవడం, బండి ఎక్కడం వీళ్లకు కూడదు. వేరే మతంవాళ్లకు పురమాయించి చేయించుకోవడమూ కూడదు. కాకపోతే ఉన్న సంగతి ఉన్నట్టు పైకి అనుకోవచ్చు, విన్నవాళ్లు తమంతట తాము చేస్తే తప్పు లేదు అని ఎలీషా తేల్చి చెప్పాడు. అందుకని శనివారం వచ్చిందంటే ఆ ఇంట్లో అందరూ గోడలతో మాట్లాడేవాళ్లు. "గదంతా చీకటైపోయింది" అంటే లైటు. "ఉక్కగా ఉంది" అంటే ఫ్యాను. "కుళాయిలో నీళ్లు రావట్లేదు" అంటే మోటారు. నూకాలు ఈ భాష పట్టేసింది. "లైటెయ్యే నూకాలూ అంటే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయేటి?" అంటూనే వేసేది. లైటు వెలగ్గానే ఎలీషా పైకి చూసి దేవుడికి స్తోత్రం చెప్పేవాడు. స్విచ్చు దగ్గర నిలబడ్డ మనిషి వైపు మాత్రం ఒక్కసారి తల తిప్పేవాడు కాదు. దెబోరకు అప్పుడు భర్తను చూస్తే చీదర పుట్టేది. కానీ ఆ వెలుతురులోనే తనూ కూర్చునేది కాబట్టి పైకి ఏమీ అనేది కాదు.

అసలు పుండు మొదలైంది పర్ణశాలల పండుగకు. పూర్వీకులు ఎడారిలో దేవుడి నీడన బతికిన రోజులు గుర్తు చేసుకోవడానికి వాళ్లు ఏటా డాబా మీద ఆకుల పాక వేసుకుని అందులో భోంచేస్తారు. కొబ్బరి మట్టలు ఆటో టాపు మీద వేసి తెచ్చినవాడు గోపి, వీధి చివర ఉండే ఆటో డ్రైవరు. వలతాడుతో ముడులు వేసి గాలికి ఎగరకుండా నిలబెట్టినవాడు సూరన్న. ఎలీషా కుర్చీలో కూర్చుని, అటు కాదు ఇటు అని చెయ్యి ఊపాడు. సాయంత్రం అందరూ వచ్చాక, "మన చేతులు కట్టిన గోడలు మనల్ని కాపాడవు, ఈ నీడ దేవుడిది" అని ప్రసంగం చేశాడు. కింద లోగిలిలో వల బాగుచేసుకుంటున్న సూరన్న అది విని, "అయితే నాను ఏసిన ముడులు ఇప్పీమంటావేటి బావా?" అని అరిచాడు. నూకాలు పడీ పడీ నవ్వింది. ఎలీషాకు వినపడలేదు, వినపడినా వినపడనట్టే ఉండేవాడు.

ఆ రాత్రి మెట్లు దిగుతుంటే ఆయన అరికాల్లో మట్టల మోపుకు చుట్టిన తీగ ముక్క ఒకటి దిగింది. చక్కెర జబ్బు మనిషి, పాదాలకు స్పర్శ పోయి చాలా కాలమైంది. దిగినట్టు ఆయనకే తెలియలేదు. మెట్ల మీద ఎర్రటి అచ్చులు చూసి దెబోర కనిపెట్టింది.

జంక్షను దగ్గర డాక్టరు చూసి, వేళ్లు రెండు తీసేస్తే పాదం నిలబడుతుంది, ఆలస్యం చెయ్యొద్దు, చేరిపొమ్మన్నాడు. ఎలీషా బల్ల మీంచి లేచి చెప్పులు వేసుకున్నాడు. "పెట్టినవాడికి బాగుచెయ్యడం చేతకాదా?" అని ఇంటికొచ్చేశాడు. మర్నాటి నుంచి చక్కెర మాత్రలూ మానేశాడు. మాత్రను నమ్ముకుంటే దేవుడి మీద నమ్మకంలో అంత మేరకు తరుగు పడుతుందట. ఈ లెక్క విని శనివారం బృందం మురిసిపోయింది. సాదోకు అయితే ఊళ్లో ఉన్న బంధువులందరికీ ఫోను చేసి చెప్పాడు.

పాదం నల్లబడింది. కట్టు విప్పితే పసుప్పచ్చ చీము గుడ్డతో పాటు ఊడి వచ్చేది. ఈగలను తోలడానికి ఒకరు, కింద గుడ్డ మార్చడానికి ఒకరు. నూకాలు తన ఇంట్లో వేణ్నీళ్లు కాచి తెచ్చేది. గోపి మందుల షాపు నుంచి దూదీ కట్లూ తెచ్చి గుమ్మంలో పెట్టి పోయేవాడు. వీధిలో రాధ వేపాకు నూరి పంపేది. వీళ్లందరి మధ్యా ఎలీషా మంచం మీద కూర్చుని, "చూశావా దెబోరా, ఏ మనిషినీ అడక్కుండానే ఆయనే చూసుకుంటున్నాడు" అనేవాడు. దెబోర చేతులు అప్పుడు మోచేతుల దాకా ఆయన చీములో ఉండేవి.

"ఆయన చూసుకుంటున్నాడు సరే. ఈ కడుగుతున్న చేతులు ఎవరివండీ?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"అవి కూడా ఆయన పంపినవే" అన్నాడు ఎలీషా, ఎంతో శాంతంగా.

"అయితే ఆ డాక్టరు చేతులు ఎవరు పంపినవి?"

ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన అందుకున్నాడు. దెబోరకు గిన్నె విసిరికొట్టాలనిపించింది.

ఆమెకు తండ్రి ఎలియాజరు గుర్తొచ్చాడు. పల్లెలో మొదట ఈ దారి పట్టింది ఆయనే. దెబోర చిన్నప్పుడు ఒక శనివారం ప్రార్థన మధ్యలో పొరుగింటి పిల్లను పాము కరిచిందని కబురొచ్చింది. ఎలియాజరు పుస్తకం మూసి, తన చేత్తో ఎడ్లను కట్టి, తనే బండి తోలుకుని బందరు ఆసుపత్రికి పోయాడు. ఇంత పెద్దవాడివి నువ్వు శనివారం బండి కట్టడమేంటి, ఎవరైనా కూలివాణ్ని పంపితే పోయేదిగా అని తర్వాత కొందరు గొణిగారు. "ప్రాణం మీదకొస్తే శనివారం లేదు" అన్నాడాయన. "పెద్దవాడే చెయ్యాలి. నేను చాటున ఉండి ఇంకొకడి చేత చేయిస్తే, ఇది తప్పు పని కాబోలని చూసినవాళ్లు అనుకుంటారు. రేపు వాళ్లింట్లో పాము దూరితే చాటు మనిషి కోసం వెతుకుతూ కూర్చుంటారు." ఇంకో మాట కూడా ఆయన తరచూ అనేవాడు: దేవుడు పంపిన చెయ్యి వచ్చి తలుపు కొడితే, నాకు దేవుడున్నాడు పొమ్మనడం నమ్మకం కాదు, పొగరు అని.

ఈ సంగతి దెబోర ఎలీషాకు చెప్పకపోలేదు. "మీ నాన్న మంచివాడే, కానీ విశ్వాసంలో కొంచెం తక్కువ" అన్నాడాయన. ఆ మాటకు ఆమె రెండు పూటలు అన్నం తినలేదు.

తర్వాత వచ్చిన శుక్రవారం సాయంత్రం, దీపాలు వెలిగించాక, ఎలీషాకు చలి పట్టుకుంది. తెల్లవారేసరికి ఒళ్లు పెనంలా కాలిపోతోంది. మాట తడబడుతోంది. శనివారం బృందం మామూలుగానే వచ్చింది, ముందుగదిలో ప్రార్థన చేసింది, ఆయన కోసం కన్నీళ్లు పెట్టింది, శుక్రవారం వండి ఉంచిన చేపల పులుసుతో భోజనం కూడా చేసింది. వెళ్లేముందు దెబోర సాదోకును పక్కకు పిలిచి, ఆసుపత్రికి తీసుకెళ్దామంది.

సాదోకు జేబురుమాలు చాటు నుంచి గొంతు తగ్గించాడు. "ఇవాళ బండెక్కితే ఇన్నాళ్లు నిలబెట్టుకున్న సాక్ష్యమంతా మట్టిలో కలిసిపోద్ది వదినా. పొద్దు గుంకనివ్వు. దేవుడి మీద భారం వెయ్యి." భారం వెయ్యమని చెప్పి, ఆయన ఖాళీ చేతులతో మెట్లు దిగాడు.

దెబోర గదిలోకి వచ్చి మంచం పక్కన నిలబడింది. ప్రాణం మీదకొచ్చిందని ఆమెకు తెలుసు. శనివారం లేదని తెలుసు. ఫోను బీరువా మీదే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. కానీ రేపు సాదోకు నలుగురిలో ఏమంటాడో, ఎలీషా బతికి లేచి తనను ఏ మొహంతో చూస్తాడో అన్న భయం ఆ చేతిని పట్టుకుంది. పని జరగాలి, మరక తనకు అంటకూడదు. అలవాటు ఎటు లాగితే కాళ్లు అటే పోయాయి. ఆమె గుమ్మంలోకి వచ్చింది.

నూకాలు పక్క వాటా ముందు గంప సర్దుకుంటోంది, మార్కెట్టుకు పోవడానికి.

"ఒంటి మీద చెయ్యి పెడితే కాలిపోతోంది నూకాలూ" అంది దెబోర, ఎవరితోనో అన్నట్టుగా. "మనిషి మనిషిలా లేడు. ఇల్లంతా ఉక్కగా ఉంది."

నూకాలు చేతులు కడుక్కుని లోపలికొచ్చింది. ఎలీషాను చూసి, "ఓలమ్మ, మొకం సూడు ఎలాగైపోనాదో" అంది. ఫ్యాను ఐదులో పెట్టింది. కుండలో నీళ్లు నింపింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికొచ్చి, "పడుకోనీ అక్కా, నాను బేగి వొచ్చెత్తాను" అని గంప ఎత్తుకుని గబగబా వెళ్లిపోయింది.

దెబోర గుండె తేలికపడింది. అర్థం చేసుకుంది, బండి కోసమే పోయింది అనుకుంది. గోపిని తీసుకుని వస్తుంది. ఎలీషాకు చొక్కా మార్చింది. సంచిలో తువ్వాలూ లుంగీ పెట్టింది. గుమ్మం దగ్గర చెప్పులు తిన్నగా సర్దింది. వీధిలో ఆటో చప్పుడైతే కిటికీ దగ్గరకు పోయేది. ఆ ఆటో ఆగకుండా పోతే మళ్లీ మంచం దగ్గరకు వచ్చేది. ఇలా ఎన్ని ఆటోలు పోయాయో. మధ్యలో ఎలీషా కళ్లు తెరిచి ఆమెను చనిపోయిన వాళ్లమ్మ పేరు పెట్టి పిలిచాడు. ఫ్యాను గిరగిరా తిరుగుతూనే ఉంది. ఎండ లోగిలి దాటి ఎదురు గోడ ఎక్కింది.

నూకాలు ఖాళీ గంపతో ఒంటరిగా వచ్చింది. గంప దించి, నడుం పట్టుకుని, తల గుమ్మంలో పెట్టి అడిగింది: "ఏటక్కా, బావకి సల్లబడిందేటి?"

 దెబోరకు లోపలి నుంచి కోపం తన్నుకొచ్చింది. నూకాలు మీద కాదు. తన మీద, తన నోటి మీద, తను ఆడిన ఆ గోడల భాష మీద. ఎలీషాను ఇన్నాళ్లూ దేనికి అసహ్యించుకుందో, సరిగ్గా అదే చేసి మధ్యాహ్నమంతా కిటికీలో నిలబడింది.

"బండి!" అని అరిచింది. "బండి కావాలే నూకాలూ! మా ఆయన చచ్చిపోతున్నాడు!"

నూకాలు ఫోను కోసం లోపలికి పరిగెత్తబోతే దెబోర రెక్క పట్టుకుని ఆపింది. "నువ్వు కాదు. నేను చెయ్యాలి." బీరువా మీంచి ఫోను తీసింది. శనివారం నాడు ఫోను ముట్టుకోవడం ఆమె జీవితంలో అదే మొదలు. రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. గోపి వచ్చేలోగా గదిలో లైటు కూడా తనే వేసింది.

ముగ్గురూ కలిసి ఎలీషాను దించారు. గోపి చంకల కింద చేతులు వేశాడు. చెడ్డ కాలిని నూకాలు రెండు చేతుల్లోకి తీసుకుంది. మెట్ల మలుపులో కట్టు జారి చీము ఆమె చీర మీదుగా కారింది. "సూసుకోండమ్మా, నాను పట్టుకున్నాను, మెల్లగా దిగండి" అంటున్నాడు గోపి. ఎలీషా సగం తెలివిలో "షబ్బాతు, షబ్బాతు" అని శనివారాన్నే హెబ్రీలో గొణుగుతున్నాడు. సాయంత్రం ప్రార్థనకు వచ్చిన సాదోకు సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఎదురయ్యాడు.

"ఒక చెయ్యి వెయ్యి సాదోకూ" అంది దెబోర.

"బండి కదా వదినా... ఇంకొంచెం సేపాగితే పొద్దు గుంకిపోద్ది..."

"అయితే పక్కకు జరుగు."

జరిగాడు, జేబురుమాలుతో సహా.

పెద్దాసుపత్రిలో అర్ధరాత్రి లోపే మోకాలి పైదాకా కాలు తీసేశారు. ప్రాణం నిలిచింది. కొన్ని గంటల ముందు తెచ్చి ఉంటే పాదంతో పోయేదమ్మా అని డాక్టరు మామూలుగా, తిట్టకుండానే చెప్పి వెళ్లిపోయాడు. వరండాలో బెంచీ మీద దెబోర పక్కన కూర్చున్న నూకాలు ఆ మాట విన్నది. చాలాసేపు చీర మీద ఎండిపోయిన మరకను గోటితో గీకుతూ ఉంది. తర్వాత అడిగింది.

"మద్దేనం నువ్వు నాతో అన్నావు సూడు, కాలిపోతంది, ఉక్కగా ఉంది అనీసి. అది దీని గురించేనేటి? బండి పిలవమనేటి?"

దెబోర తల ఊపింది.

"ఛీ!" అంది నూకాలు. "ఛీ, ఏటి మనుసులే మీరు! నాను ఫేనేసీసి సేపలమ్ముకోడానికి ఎల్లిపోనానే. ఆ కాలు నా సేత తీయించీసినావు కదే అక్కా!" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు మాత్రం చల్లారలేదు. "మా ఆయన ఇంజినుకి వల సుట్టుకుంటే నీళ్లలోకి దిగుతాడు. దిగీముందు గంగమ్మకి దండం ఎడతాడు. దండం ఎట్టీసి, నడుంకి కట్టిన తాడు కొస పక్కోడి సేతికిచ్చి, ఒరే, నాను లాగితే నువ్వు లాగాల అని నోరిప్పి సెప్పి మరీ దిగుతాడు. అమ్మోరికి కోపం వొచ్చినాదేటి? ఎప్పుడూ రాలేదే!"

దెబోర ఏడవలేదు. ఏడిస్తే నూకాలు ఓదారుస్తుంది. ఓదార్పించుకోవడానికి కూడా తనకు హక్కు లేదనిపించింది. బెంచీ మీద కూర్చునే తనకొచ్చిన ప్రార్థన చెప్పుకుంది. దేవుణ్ని నమ్మడం మానలేదు. పంపిన చెయ్యి పక్క వాటాలోనే ఉంటే, దాన్ని పేరు పెట్టి పిలవడానికి సిగ్గుపడ్డాను, ఆ సిగ్గు నాది, నీది కాదు అని చెప్పుకుంది. తర్వాత నూకాలు వైపు తిరిగి, "తప్పు నాదే. నీది ఆవగింజంత కూడా లేదు" అంది. నూకాలు పక్క నుంచి లేచి పోలేదు.

ఎలీషా ఇంటికొచ్చాడు. కాలు పోయినా గొంతు పోలేదు. శనివారం బృందం మళ్లీ కుర్చీలు వేసుకుంది. కంపు లేదు కాబట్టి సాదోకు జేబురుమాలు జేబులోనే ఉంది. "ఏ మనిషినీ నమ్ముకోలేదు, అందుకే దేవుడు ప్రాణం నిలబెట్టాడు" అన్నాడు సాదోకు. ఎలీషా వినయంగా తల వంచుకున్నాడు. గేటు దగ్గర జరిగింది ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు.  భోజనం అయ్యాక అందరూ ఆ ప్రార్థన అందుకున్నారు. రక్తమాంసాల మనుషుల మీద మమ్మల్ని ఆధారపడనివ్వకు అన్న చోట ఎలీషా గొంతు ఎప్పటిలాగే పైకెక్కింది. దెబోర ఆ ఒక్క మాట దగ్గర నోరు మూసుకుంది.

అందరూ వెళ్లిపోయారు. ఎలీషా మంచం మీద అటూ ఇటూ కదిలాడు. గుమ్మం దగ్గర దెబోర, ఆమె పక్కన చాటలో బియ్యం ఏరుకుంటూ నూకాలు. ఆయన పైకప్పు వైపు చూశాడు.

"కూర్చుని చాలాసేపైంది" అన్నాడు.

దెబోరకు అర్థమైంది. బాత్రూముకు తీసుకెళ్లాలి. లేవబోయిన నూకాలు మోకాలి మీద ఆమె చెయ్యి వేసి ఆపింది.

"పొట్ట బిగిసినట్టుంది" అన్నాడు ఎలీషా, ఇంకాసేపాగి.

ఎవరూ కదల్లేదు.

"అడగండి" అంది దెబోర. "జబ్బు మనిషి శనివారం కూడా అడగొచ్చు. ఆ సంగతి మా నాన్నకు తెలుసు, మీకూ తెలుసు. పేరు పెట్టి పిలిచి అడగండి."

"దేవుడు చూస్తున్నాడు దెబోరా."

"చూడనివ్వండి. ఆయన చూడాల్సిందే ఇది."

ఎలీషా మొహం ఎర్రబడింది. పళ్లు బిగించాడు. గోడ పట్టుకుని తనే లేవబోయి, లేని కాలి మీద బరువు మోపబోయి మంచం మీద కూలబడ్డాడు. ఆయనను అలా చూసి దెబోరకు జాలి కలిగింది. ఆ జాలి కింద చీదర అలాగే ఉంది, ఆమె దాన్ని దాచుకోలేదు, లేచి సాయానికీ పోలేదు. ఆఖరికి ఆయన తల దించి, నేల వైపు చూస్తూ అన్నాడు.

"నూకాలమ్మా... నన్ను కొంచెం లేపుతావా?"

నూకాలు చాట పక్కన పెట్టి లేచింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ మంచం దగ్గరకు వచ్చి ఆయన మొహంలోకి చూసింది.

"ఇంత సిన్న మాటకి ఒక కాలు ఇచ్చుకోవలసొచ్చినాదేటి బావా?" అంది.

 దెబోర ఒక వైపు, నూకాలు ఒక వైపు ఆయన రెక్కలు భుజాల మీద వేసుకుని లేపారు. ఆయన బరువంతా ఇద్దరి మీదా పడింది. అంగలు సరిగా కలవక, గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, మళ్లీ నడిచారు. బాత్రూములో చీకటిగా ఉంది. దెబోర ఈసారి గోడతో మాట్లాడలేదు.

"నూకాలూ, ఆ లైటు వెయ్యవే" అంది.